ఇద్దరికి చాయ్

ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే పీరా సాహెబ్ దగ్గర కేశవులు మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. ఆ పొద్దున మొహం వేలాడేసుకుని కొట్లోకి వచ్చాడు.

ఊళ్ళో చూపులేనివాళ్ళ కోసం ఒక చదువుల గది ఉంది. సాయంత్రాలు అక్కడి కంప్యూటరే నవల చదివి వినిపిస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది. కరెంటు ఎలాగూ పోతుంది. కథ మంచి పట్టులో ఉండగా బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది.

"కంప్యూటరుకు కరెంటందించే డబ్బా, ఈ పవర్ సప్లై, పాతదైతే బోలెడు కరెంటు తనే మింగేస్తుంది. కొత్తది వేస్తా, ఆఖరి పేజీ దాకా వినండి" అని కేశవులు అందరి ముందూ మాటిచ్చాడు. కొట్లో అన్నిటికంటే పెద్దది, ఎనిమిది వందల యాభై వాట్లది, బిగించి దర్జాగా కూర్చున్నాడు. నిన్న కథ ఎప్పటికంటే ముందే ఆగిపోయింది.

"ఏమప్పా కేశవులూ, హంతకుడెవురో తెలీకుండానే మమ్మల్ని సాగనంపేటట్టుండావే" అంది డెబ్బై ఏళ్ళ నాగరత్నమ్మ. అందరూ నవ్వారు. అతనికి తల కొట్టేసినట్టయింది.

"కొత్తవి పొదుపన్నది అబద్ధమేనా ఉస్తాద్? పాతదే మళ్ళీ పెట్టేసేదా?" అని ఇప్పుడు కొట్లో గురువునడిగాడు.

"ముందు చాయ్ తాగుదాం" అంటూ పీరా సాహెబ్ కొట్టు వెనకున్న ఇంట్లోకి వెళ్ళాడు. రొప్పుతూ మోసుకొచ్చింది చూసి కేశవులు నోరు తెరిచాడు. యాభైమందికి బిర్యానీ వండే డేగిసా. కొత్తది, తళతళలాడుతోంది. దాన్ని స్టవ్ మీదికెక్కించి, రెండు గ్లాసుల పాలు పోశాడు.

డేగిసా వేడెక్కడానికే చాలాసేపు పట్టింది. పాలు కొన్ని ఆవిరయ్యాయి, కొన్ని అడుగంటాయి. ఇద్దరూ వంగి లోపలికి చూస్తూ నిలబడ్డారు. టీ ఆకు వేసి వడగడితే అర గ్లాసు వచ్చింది.

"కొత్త గిన్నే కదప్పా" అన్నాడు పీరా సాహెబ్ అమాయకంగా.

కేశవులుకు నవ్వాగలేదు. "ఇద్దరి చాయ్‌కి ఇదెందుకు ఉస్తాద్..." అనబోయి సగంలో ఆగాడు. కథ చదివే కంప్యూటరుకు యాభై వాట్లు దాటవు. అంత చిన్న పనికి ఆ పెద్ద డబ్బా తను నడవడానికే బ్యాటరీని తాగేస్తోంది.

వెళ్ళి అల్మరా వెతికాడు. వెనక మూలనున్న చిన్న పవర్ సప్లై ఒకటి తీసి సంచిలో వేసుకున్నాడు. అదీ కొత్తదే.

"పాతది తీసుకుపోవా?"

"అది చిల్లు గిన్నె ఉస్తాద్."

సాయంత్రం కరెంటు పోయింది. కథ ఆగలేదు. హంతకుడు వంటవాడని తేలగానే గది గోలగోలైంది, "నేను ముందే చెప్పలేదా" అని నాగరత్నమ్మ చప్పట్లు కొట్టి ఇంకో కథ పెట్టమంది. బ్యాటరీ ఇంకా ఉంది. కేశవులుకు సంతోషం పట్టలేదు. వినడానికొచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న గురువు పక్కకు చేరి చెవిలో మొదలుపెట్టాడు.

"ఉస్తాద్, కొత్తవి నిజంగా పొదుపే, కాకపోతే..."

పీరా సాహెబ్ అతని చెయ్యి నొక్కాడు.

"ఉష్. కథ విను."