మోటారు ఆపిన రెండు నిమిషాలు

"మాస్టారూ, ఉన్నదాన్ని చూసి పుట్టిన భయానికీ, లేనిదాన్ని చూసి పుట్టిన భయానికీ తేడా ఎలా తెలుస్తుంది?" అని నూకరత్నం ఒక సాయంత్రం అడిగింది. అప్పలనరసయ్య మాస్టారికి అడిగిన రోజున జవాబు చెప్పే అలవాటు లేదు. తాడూ పామూ కథ ఎత్తుకుంటారేమోనని మిగతా ముగ్గురు శిష్యులూ చెవులు నిక్కించారు గానీ, ఆ పాముని ఆయన ఏనాడో వదిలేశారు. "రేపు పొద్దున్న సూర్యుడి బొమ్మ గీసే వంతు నీదే కదమ్మా," అని మాత్రం అని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఇది ముప్పై ఎనిమిదేళ్ల కిందటి మాట. ఉత్తరాంధ్రలో సముద్రానికెదురుగా ఒక బోడికొండ, దాని మీద ఒక రేకుల గది, ఆ గదిలో ఒక దూరదర్శిని. మాస్టారు నలభై ఏళ్లు సూర్యుణ్ణి చూసే కొలువు చేసి, రిటైరయ్యాక కూడా ఆ పిచ్చి వదల్లేక అక్కడ స్థిరపడ్డారు. రోజూ పొద్దున్నే సూర్యుడి బింబాన్ని పళ్లెమంత చేసి తెల్లకాయితం మీద పడేయడం, కనిపించిన మచ్చల్ని పెన్సిలుతో గీయడం, అదీ వాళ్ల పూజ. సూర్యుడు కదిలిపోతాడు కనక, దూరదర్శినిని ఆయన వెంటే తిప్పడానికి ఒక చిన్న మోటారుండేది. మచ్చంటే మామూలు మచ్చ కాదు. అక్కడ అయస్కాంత శక్తి ముడులు పడి ఉంటుంది. ఆ ముడులు పైకి లేచి, సూర్యుడి చుట్టూ కిరీటంలా ఉండే పల్చటి వాయువులో మెలితిరిగి మెలితిరిగి, ఒక్కోసారి పుటుక్కున తెగుతాయి. అలా తెగినప్పుడు లేచే మంట మనవైపు ఉంటే, ఎనిమిది నిమిషాల్లో నడిసముద్రంలో ఉన్న బోట్ల వైర్‌లెస్ మూగబోతుంది. తుఫాను కబురు చెప్పేది ఆ వైర్‌లెస్సే.

రత్నం మాస్టారి దగ్గర చేరిందే అందుకు. ఆమె తండ్రి దానయ్య బోటు సరంగు. రేవులో ఇంకో ఎనిమిది బోట్లు అతని వెనకే వెళ్లేవి. బయల్దేరే రోజున దానయ్య ముందు కొండెక్కి, కూతుర్ని అడిగి, తరవాతే బోటెక్కేవాడు. "అమ్మోరికి దండమెట్టేశాను, సూరీడి మాట నువ్వు సెప్పు," అనేవాడు.

ఆ ప్రశ్న అడగడానికి నెల ముందు ఒక రోజు, మాస్టారు పంటి డాక్టరు కోసం ఊళ్లోకి దిగిన పూట, కాయితం నడిమధ్య ఇంత నల్లమచ్చ కనిపించింది. ఆ రోజు వంతు రత్నానిదే. తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎళ్లొద్దయ్యా!" అని అరిచేసింది. తొమ్మిది బోట్లూ నాలుగు రోజులు రేవులో పడున్నాయి. పెట్టెల్లో నింపిన ఐసు కరిగి నీళ్లయింది. తీరా చూస్తే అది దూరదర్శిని అద్దం మీద అంటుకున్న దుమ్ము. మాస్టారు అద్దం తుడిచారే గాని పల్లెత్తు మాటనలేదు. రేవు ఊరుకుంటుందా? దానయ్యని చూడగానే "సరంగు మావా, సూరీడికి జ్వరం తగ్గిందేటి?" అని వేళాకోళం మొదలైంది. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే బోటు చూసుకుంటామని అతని మనుషులు ఇద్దరు మొహం మీదే చెప్పేశారు. రత్నం అడిగిన ప్రశ్నకి మూలం ఇదీ.

మర్నాడు ఆమె కాయితం పెట్టేసరికి నడిమధ్య మచ్చ ఉంది.

కొండ కింద దుకాణంలో రేడియో బంగాళాఖాతంలో వాయుగుండం పడేలా ఉందని చెబుతోంది. మధ్యాహ్నం పోటుకి బోట్లు బయల్దేరాలి, పది రోజుల వేటకి. రత్నం మెత్తటి బట్ట తీసి అద్దం తుడిచింది. మచ్చ ఉంది. మళ్లీ తుడిచింది, ఉంది. కాయితం మార్చింది, ఉంది. మూడోసారి తుడవడం మొదలెట్టింది. వెళ్లొద్దంటే, వట్టిదైతే, తండ్రి పరువు రేవులో కలుస్తుంది. వెళ్లమంటే, నిజమైతే, తండ్రే సముద్రంలో కలుస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బట్ట మడత మార్చి ఇంకా తుడుస్తూనే ఉంది.

మాస్టారు వచ్చి ఎంతసేపయిందో, తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"అమ్మా, మచ్చ ఉందో లేదో తెలియాలని తుడుస్తున్నావా, పోవాలని తుడుస్తున్నావా?"

రత్నం చెయ్యి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, పోవాలనే తుడుస్తోంది. ఆవేళ భయం తొందరపెట్టి అరిపించింది, ఈవేళ అదే భయం కళ్లు మూసుకోమంటోంది.

"మోటారు ఆపు," అన్నారాయన.

ఆపింది. అంతవరకూ కాయితం మీద కదలకుండా కూర్చున్న సూర్యుడు మెల్లగా పక్కకి జరగడం మొదలెట్టాడు. బింబం మొత్తం తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అద్దం మీది దుమ్మయితే ఉన్నచోటే ఉంటుంది, సూర్యుడు దాని కిందనుంచి జారిపోతాడు. సూర్యుడిదైతే సూర్యుడితో వెళుతుంది. ఇది మొదటివారంలో నేర్చుకున్న పాఠమే. కానీ ఆ రెండు నిమిషాలూ ఊపిరి బిగబట్టి నిలబడడం మాత్రం ఎవరూ నేర్పలేరు. ఒక మూల ఆవగింజంత చుక్క కదలకుండా ఉండిపోయింది. అది దుమ్ము, ఎన్నిసార్లు తుడిచినా మిగిలిన దుమ్ము. నడిమధ్య మచ్చ మాత్రం సూర్యుణ్ణి అంటిపెట్టుకుని జరిగి జరిగి, ఆయనతోపాటే కాయితం దాటిపోయింది.

"ఇది తెగుతుందా మాస్టారూ?" అంది రత్నం.

"నాకు తెలీదు."

సరిగ్గా అప్పుడే దానయ్య ఆయాసపడుతూ కొండెక్కి వచ్చాడు. కూతురి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటే, సెప్పవేటి? మనుసులు ఎదురుసూస్తన్నారు."

రత్నం తండ్రికి ఎదురుగా వచ్చి చెప్పింది. "అయ్యా, మచ్చ ఉంది. ఈసారి దుమ్ము కాదు, ఆపి చూశాను. అది పేలితే వైర్‌లెస్ పనిచెయ్యదు. పేలుతుందో లేదో నాకు తెలీదు, మాస్టారికీ తెలీదు."

తిడతాడనుకుంది. దానయ్య భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు. "తెల్దా? ఓస్, ఆ ముక్క బేగి సెప్పొచ్చు గదేటే! సముద్రం సంగతి నాకు మాత్రం ఏటి తెలుసు? తెల్నప్పుడు ఎలాగెల్లాలో అలాగే ఎల్తాం. ఈ కొండ కనిపించినంత మేర దాటం."

తొమ్మిది బోట్లూ వెళ్లాయి. కొండ కనిపించినంత మేరే వెళ్లి, ప్రతి సాయంత్రం చిన్న చేపలతో తిరిగొచ్చాయి. వాయుగుండం అయిదో రోజున ఉత్తరానికి మళ్లిపోయింది. సూర్యుడు మాత్రం చల్లగా ఉన్నాడు. "రత్నమ్మ సూరీడు ఇంకా పేల్నేదేటి?" అని రేవులో మళ్లీ అందుకున్నారు. ఆమె రోజూ మచ్చని గీసేది. అది రోజుకింత పడమటి అంచుకి జరిగేది. పేలాలని కోరుకోలేదు గాని, పేలకపోతే తన మాట ఏమవుతుందన్న ఆలోచన ఒకటి రెండుసార్లు తొంగిచూసింది. అందుకు తనని తానే అసహ్యించుకుంది.

ఎనిమిదో రోజున మచ్చ అంచు దాటి అవతలికి పోయింది. ఆ పొద్దున్నే, పాత కొలువులో పారేస్తుంటే మాస్టారు తెచ్చుకున్న, సూర్యుడి అంచున లేచే మంటల్ని చూపించే ఎర్రగాజు గొట్టంలోంచి రత్నం చూస్తూ ఉండగా, సరిగ్గా అదే చోట, అంచు వెనకనుంచి ఎర్రటి ఉంగరం ఒకటి లేచింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు లేచి, సాగి, మెలితిరిగి, తెగింది. ఎన్నో భూములు పట్టేంత మంట అటువైపు, ఎవరూ లేని చీకట్లోకి ఎగిరిపోయింది. మన వైపు రాలేదు. కింద రేవులో బోట్ల వైర్‌లెస్‌లు ఎప్పటిలాగే కబుర్లాడుకుంటున్నాయి.

రత్నం గొట్టం పక్కన పెట్టింది. గబగబా మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"పేలింది మాస్టారూ. కానీ మనకేం కాలేదు. ఇప్పుడైనా చెప్పండి, నేను పడ్డ భయం ఉన్నదా, లేనిదా?"

మాస్టారు తెల్లకాయితం మీదికి వంగి ఉన్నారు.

"తూర్పు అంచున ఇంకో మచ్చ కనిపిస్తోందమ్మా," అన్నారు. "ముందు మోటారు ఆపు."