బానెట్టు మీద చెయ్యేసిన కోడలు

ఇటు జరగండర్రా. హవీషూ, ముందు నా కాలి మీంచి ఆ బొమ్మ కారు తియ్యి. పొద్దుట్నుంచీ చూస్తున్నాను, ఫోన్లో కార్లవాళ్ళ వాదనలన్నీ వినేసి మీ నాన్నకి పాఠాలు చెబుతున్నావు, ఏ బండి కొనాలో, ఎన్ని గుర్రాల బలం ఉండాలో. నీకు తగ్గ కథే ఉందిలే నా దగ్గర. ద్యుతీ, ఊ కొట్టడం నీ వంతు. ఊ ఆగిందా, కథ ఆగిపోతుంది, పెట్రోలు అయిపోయిన బండిలాగ!

అనగనగా ఒక రాజ్యం. గుర్రాలు ముసలివైపోయాయని కార్లు కొనుక్కున్న రాజ్యం. ఆ రాజుగారికి రెండు మీసాలు. అందరికీ రెండేలే, కానీ ఆయనవి చెవులు దాటి వెనక్కెళ్ళేవి. రోజూ వాటికి ఆముదం రాసి, దువ్వి, అద్దంలో చూసుకుంటేగానీ కాఫీ తాగేవాడు కాదు. పక్క రాజ్యానికి ఆయన బావమరిది రాజు. ఆయన మీసాలు ఇంకో జానెడు పొడుగు.

ఒకనాడు భోజనాల దగ్గర గారెలు తింటూ తింటూ మాటా మాటా వచ్చింది. నా బండి గొప్పంటే నా బండి గొప్పని. చెరో బండీ కొని, పన్నెండు మలుపుల కొండదారి మీద పందెం కడదాం, ఓడినవాడి మీసం మంగలి కత్తికి, అన్నాడు బావమరిది. మన రాజుగారు నోట్లో గారె ఉండగానే సరేననేశాడు. నోట్లో గారె ఉంటే దేనికైనా సరేనంటారు, మీ తాతయ్యా అంతే.

గారె అరిగింది, భయం పుట్టింది. మర్నాడు ముగ్గురు పండితుల్నీ, కోడలు రంగనాయకినీ వెంటేసుకుని పానకాలు అనే బేరగాడి పాత బండ్ల కొట్టుకి బయల్దేరాడు. పందెం మనిషి కదా, బావమరిదీ అక్కడే తగిలాడు.

కొట్టు నడిమధ్యన ఎర్ర కారు. అబ్బో! కాగితం చూసి మురిశాడొక పండితుడు, ఆరువందల గుర్రాల బలమట. రంగు చూసి కరిగాడింకో పండితుడు. సైలెన్సరు గర్జన గురించి పానకాలు చెబుతుంటే విని కళ్ళు మూసుకుని తలాడించాడు మూడో పండితుడు, కచేరీలో కూర్చున్నట్టు. ముగ్గురిలో ఎవడికీ స్టీరింగు పట్టుకోవడం రాదు, అది వేరే సంగతి. ఊ కొడుతున్నారా? ఆఁ.

రంగనాయకి మాత్రం దగ్గరికెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి పెట్టింది. చటుక్కున తీసేసింది.

“మావయ్యగారూ, మనం రాకముందే దీన్ని తిప్పి వేడెక్కించి ఉంచారు.”

“ఎండమ్మా, ఎండ!” అన్నాడు పానకాలు.

“కొట్టులోపల ఎండేమిటయ్యా? పొయ్యి వెలిగించకుండానే పెనం కాలుతోందంటే, మాడిన అట్టు ఎక్కడో దాచావన్నమాట. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో చూపించు. లేకపోతే వద్దు.”

బావమరిది పొట్ట పట్టుకు నవ్వాడు. కోడలికి అట్లు తప్ప ఏం తెలుసు బావా అని, మీకొద్దంటే నాకు ముద్దని ఎర్ర కారు అక్కడికక్కడే కొనేశాడు. రంగనాయకి పాపం చెప్పింది, బాబాయిగారూ, రేపు పొద్దున్నే వచ్చి చూసి కొనండీ అని. వింటేగా!

తరవాత ఆ అమ్మాయి మూలనున్న చిన్న బండి దగ్గరికెళ్ళింది. రంగు వెలిసిపోయి చామదుంపలా ఉంది. బానెట్టు చల్లగా ఉంది. తాళం తిప్పితే ఒక్క పట్టుకే లేచింది. టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. అప్పుడు మావగార్ని బండెక్కించి, ఒళ్ళో మజ్జిగ చెంబు పెట్టి, వంపులు తిప్పి, బ్రేకులు వేసి తీసుకొచ్చింది. రాజుగారి పంచె మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. ఇదే, అంది. పండితులు ముగ్గురూ ముక్కున వేలేసుకున్నారు. రాజుగారు మీసం తడుముకున్నాడు, ఇవాళ్టికి ఉంది కదా అని.

పందేనికి కోడలు ఒక్క షరతు పెట్టింది. బండ్లు ముందురోజే కొండ కింద నిలపాలి, తెల్లారి కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయలు తొక్కించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు అని. బావమరిది ఓస్ ఇంతేనా అన్నాడు.

తెల్లారింది. మంచు. కొబ్బరికాయ ఫట్! చిన్న బండి గుర్రుమని నిమ్మకాయలు తొక్కి కదిలింది. కోడలు తోలుతోంది, మావగారు పక్కన కూర్చుని రెండు చేతులా రెండు మీసాలు పట్టుకున్నాడు.

ఎర్ర కారో? ఖళ్ళు! ఖళ్ళుఖళ్ళు! తడికట్టెల పొయ్యిలా పొగ. పదకొండోసారికి లేచింది. లేచాక చూడాలి, తిన్నటి దారిలో బాణమే! చిన్న బండిని దాటేసింది, బావమరిది చెయ్యూపాడు. రాజుగారు మీసాలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కానీ వంపు వచ్చింది. వంపు రాగానే బ్రేకు, బ్రేకు వేయగానే కీచు, కీచుమనగానే జారుడు, జారగానే గడ్డివాము! గడ్డంతా నెత్తినేసుకుని ఆగిన బావమరిది పక్కనుంచి మన చామదుంప మజ్జిగ తొణక్కుండా వెళ్ళిపోయింది.

కొండ మీద మంగలి తయారు. గడ్డి దులుపుకుంటూ వచ్చిన బావమరిది రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకున్నాడు. కోడలు ఆ చేతుల వంక ఓసారి చూసి, తమ్ముడి పందెం చూడ్డానికొచ్చిన అత్తగారి చెవిలో ఏదో చెప్పింది. రాణిగారు ఏదీ చూడనీరా అని మీసం మీద చెయ్యేసింది. చేతిలోకి ఊడొచ్చేసింది!

అతికించిన మీసం! బావకున్నట్టు తనకీ ఉండాలని చిన్నప్పట్నుంచీ కోరికట, మొలవలేదట. పోయేదేమీ లేదు గనకే పందెం కట్టాడు దొంగ! రాజుగారు నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, తన ఆముదం బుడ్డి బావమరిది చేతిలో పెట్టాడు. ఓపిగ్గా రాయరా, నిజందే వస్తుందని. అందరూ ఆ చిన్న బండిలోనే ఇరుక్కుని కొండ దిగారు. ఎర్ర కారుని పండితులు ముగ్గురూ తోసుకొచ్చారు.

అంచేత హవీషూ, బండైనా మీసమైనా ఎవడో పొగిడాడని కొనకు, చెయ్యేసి చూసుకో. రేపు బండి చూడ్డానికి మీ నాన్నతో నువ్వూ వెళ్ళు, వాళ్ళు కాఫీ ఇచ్చేలోపు నీ చెయ్యి బానెట్టు మీద ఉండాలి.

కథ చిన్న బండెక్కి కంచికెళ్ళింది, మనం దుప్పట్లోకి. ద్యుతీ? ఊ లేదేమే?

హమ్మయ్య, ఇంజను ఆగింది.