పాత దొడ్డిలో మెత్తని పడక

వేరుశనగ పీకేసిన చేలల్లో గొర్రెల కాపరి బీరప్ప దొడ్డి మార్చాడు. ముళ్లకంప లాగి, తడికెలు మోసి, పక్క చేలో మళ్లీ పాతాడు. ఎరువు కోసం రైతులు పిలుస్తారు కాబట్టి మారుస్తున్నానని అతను అనుకుంటాడు. మందకు పెద్దదిక్కయిన ముసలి మేక కొమ్ములమ్మకు ఇంకో కారణం కూడా తెలుసు. ఒకేచోట ఉంటే, ఒంటి మీంచి రాలిన, నెత్తురు తాగే పిడుదులు గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు మళ్లీ ఒంటికెక్కుతాయి. జాగా మారిస్తే నెత్తురు దొరక్క మాడి చస్తాయి. చదువుకున్నవాళ్లు దీని మీద లావుపాటి పుస్తకాలు రాశారు. కొమ్ములమ్మ అలాంటిదొకటి ఎప్పుడో నమిలింది గానీ, అట్ట దాటి పోలేదు. అట్ట బాగుందట.

ఇంతకీ కథ. మందలో ఒక గొర్రె నిండుచూలాలు. దానికి కాపలా పులిగాడు అనే కుక్క. ఆ కుక్కను దూరంగా పంపితే చాలు, పుట్టబోయే పిల్ల తనదేనని తుప్పల్లో కాచుకున్న నక్క లెక్క. ఒక పగలు అది పులిగాణ్ణి పలకరించింది.

"ఏం అల్లుడూ, రాత్రంతా మేలుకుని, పగలు ఈ రాళ్ల మీదా పడక? పాత దొడ్డిలో పెంట పరుపులా ఉంది. పైన తుమ్మనీడ."

"కొమ్ములమ్మ పెద్దమ్మ అటు వెళ్లొద్దంది మామా."

"బండలెక్కి నిలబడే జాతి, దానికి పరుపు సుఖమేం తెలుసు?"

పులిగాడు మధ్యాహ్నాలు అక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఒకరోజు లేవలేకపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. కొమ్ములమ్మ వాసన చూసింది. చెవి లోపల ఎర్రటి మచ్చలు. కాలివేళ్ల సందుల్లో ఆముదం గింజల్లా పిడుదులు.

"ఎక్కడ పడుకున్నావురా?"

"పాత దొడ్డిలో. మామ చెప్పాడు."

"వాడు నీకు మామ ఎప్పుడయ్యాడురా దద్దమ్మా?"

ఆమె బీరప్ప పంచె పట్టుకుని లాక్కొచ్చింది. అతను ముల్లు తీసే పట్టకారుతో ఒక్కో పిడుదునూ చర్మానికి ఆనించి పట్టి, నలపకుండా లాగి, కిరసనాయిల్లో వేశాడు. కుక్కను భుజాన వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు.

అతను అలా మలుపు తిరిగాడో లేదో, గొర్రెకు నొప్పులు మొదలయ్యాయి. ఇటు కుక్క లేదు, అటు కాపరి లేడు. తడికె పక్కన నక్క మూతి కనిపించింది. కొమ్ములమ్మ గొర్రెకు అడ్డంగా నిలబడి పలకరించింది.

"రా మరిదీ. నీతో బేరముంది. ఒక్క పిల్లను తీసుకుని మంద జోలికి రాకుండా ఉంటావా?"

"నా మాట మీద నమ్మకం లేదా వదినా?"

"ఉంది కాబట్టే చెబుతున్నా. పరుపు సంగతి విని, ఈ గొర్రె పాత దొడ్డిలోనే ఈనుతానంటోంది. నువ్వు ముందే వెళ్లి అక్కడి తుమ్మ కింద గడ్డిలో పడుకో. కదిలావంటే బెదిరి వెనక్కొస్తుంది."

"కదలడమా? ఊపిరి కూడా తీయను."

నక్క ఒక్క ఉరుకున పోయి, గడ్డిలో బొక్కబోర్లా పడుకుంది. ఒళ్లంతా చీమలు పాకినట్టున్నా గోక్కోలేదు. గోక్కుంటే గడ్డి కదులుతుంది, గడ్డి కదిలితే గొర్రె పిల్ల దక్కదు. ఇక్కడ కొత్త దొడ్డిలో గొర్రె ఈనింది, పిల్ల తడబడుతూ లేచి పాలు తాగింది. పొద్దు వాలుతుండగా బీరప్ప కుక్కతో, మాత్రలతో తిరిగొచ్చాడు. జబ్బును ముందే పట్టారు కాబట్టి పులిగాడు మెల్లగా కోలుకున్నాడు.

కొన్నాళ్లకు తుప్పల చాటునుంచి నక్క ఈడ్చుకుంటూ వచ్చింది. కళ్లు గుంటలు పడ్డాయి.

"వదినా, జ్వరం దంచేస్తోంది. కీళ్లు పట్టేశాయి. నన్నింత దెబ్బ కొట్టిందెవరో కూడా తెలియలేదు."

కొమ్ములమ్మ నెమరు ఆపి తేరిపార చూసింది.

"వాడెక్కడికీ పోలేదు మరిదీ. ఇంకా నీ చెవి వెనకాలే ఉన్నాడు."

అరుచుకుంటూ వచ్చే శత్రువును చెవులే పట్టిస్తాయి; చప్పుడు లేకుండా వచ్చేవాణ్ణి రోజూ ఒళ్లు తడిమి పట్టుకోవాలి.