పాలకావడి మీద పసుపుగుడ్డ

ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే కథ ఆగిపోతుంది. ఆఁ, అలాగ.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి నూకాలని ఒక్కతే కూతురు. ఆ పిల్లకి పెద్ద జ్వరం వచ్చింది. అప్పుడు పైడమ్మ కొండ మీది నరసింహస్వామికి మొక్కుకుంది. "నా తండ్రీ, నా పిల్ల బతికితే, కావడికి ఒక పక్క పిల్లనీ, ఒక పక్క పాలకుండనీ పెట్టుకుని నీ మెట్లెక్కుతాను" అంది.

స్వామి విన్నాడు. పిల్ల బతికింది. కాళ్ళలో మాత్రం ఇంకా సత్తువ రాలేదు.

ఆ తర్వాత మొక్కు రోజొచ్చింది. ఆ ఊళ్ళో కావడికట్టెకి నట్టనడుమ పసుపుగుడ్డ కడతారు. గుడ్డ ఉన్నచోటే భుజం పెట్టాలి, అదీ ఆనవాయితీ. పైడమ్మ అలాగే పెట్టి లేచింది. అప్పుడేమైంది? నూకాలు కూర్చున్న బుట్ట దబ్బున కిందికి దిగింది. పాలకుండ పైకి లేచి, పాలు తొణికాయి!

మొక్కుకున్న పాలు కదమ్మా, ఒలికిపోతే ఎలా?

అప్పుడు కుండ పక్కన ఒక రాయి పెట్టింది. కావడి సమంగా నిలిచింది కానీ, ఆ బరువుతో రెండు మెట్లు కూడా ఎక్కలేకపోయింది. రాయి తీసేసింది. ఆ తర్వాత పాలవైపు కట్టెని చేత్తో అదిమిపట్టింది. కాస్త దూరానికే చెయ్యి నొప్పెట్టి పట్టు జారింది, పాలు మళ్ళీ తొణికాయి.

అప్పుడు మెట్ల దగ్గర పూలమ్మే గౌరప్ప, "పిల్లని నా దగ్గర కూర్చోబెట్టి, పాలు పట్టుకెళ్ళు వదినా. స్వామి ఏమీ అనుకోడులే" అన్నాడు.

"ఆయన అనుకోడు గౌరప్పా. అనుకునేది ఇదిగో, ఇది" అంది పైడమ్మ, పిల్లని చూపిస్తూ.

నూకాలు మూతి అప్పటికే ముడుచుకుంది. "అమ్మా, నువ్వు దూరంగా ఉన్నావు. ఇటు, నా దగ్గరికి రా" అంది వెక్కుతూ.

పైడమ్మ కట్టె కింద భుజాన్ని పిల్లవైపు జరిపింది. కొంచెం. ఇంకొంచెం. అప్పుడు చూడు! కావడి సమంగా నిలిచింది. పాలు కదల్లేదు. బరువేమైనా తగ్గిందంటావా? ఎక్కడ తగ్గిందీ! పిల్ల బరువూ, పాల బరువూ రెండూ కలిసి ఆ భుజం మీదే ఉన్నాయి. మోసేచోటు మారింది, అంతే.

"మరి గుడ్డో?" అన్నాడు గౌరప్ప.

"కట్టింది మనమే కదయ్యా" అని గుడ్డ విప్పి, భుజం ఉన్నచోట కట్టుకుంది పైడమ్మ.

కొండెక్కింది. స్వామికి పాలాభిషేకం అయింది, కళ్ళారా చూసింది నూకాలు. కుండ స్వామి దగ్గరే వదిలెయ్యాలి. మరి దిగేటప్పుడు అవతల పక్క ఏముంది? ఏమీ లేదు. భుజం జరిగి జరిగి పిల్ల దాకా వచ్చేసింది. ఇంక కావడెందుకు? కట్టెని చేతికర్ర చేసుకుని, నూకాలుని చంకనేసుకుంది.

నువ్వూ ఇలా జరుగు, నా తల్లీ. ఇంకా దగ్గరికి. ఆఁ.

పాలు చేరాయి స్వామికి,
పాప చేరింది చంకకి,
కథ చేరింది కంచికి,
మనమూ చేరాం ఇంటికి,
నిదరొచ్చింది కంటికి.