స్తంభం వెనుక పృచ్ఛకుడు

“ఒక్క అక్షరం కూడా మార్చను” అన్నాడు విరూపాక్షుడు.

మరునాటి సాయంకాలం అతని తొలి అవధానం. చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు అడిగినదానికల్లా ఆశువుగా పద్యం చెప్పాలి. చివర అన్నింటినీ తిరిగి అప్పజెప్పాలి. దూరాన ఉన్న శ్రోతల కోసం సభకు ఒక వెబ్‌పేజీని కూడా తానే నిర్మించాడు. అందులో పృచ్ఛకుల పేర్లు బటన్లుగా బారులు తీరి ఉంటాయి. ఏ పేరును నొక్కితే ఆ ప్రశ్న, దాని పద్యం తెరుచుకుంటాయి. ఒక్కొక్క బటన్‌కు, నొక్కగానే మేలుకొనే కోడ్‌ను విడివిడిగా రాశాడు.

ఆ ఉదయం సహాధ్యాయిని అరుంధతి ఒక కొత్త పేరు చేర్చి నొక్కింది. పేజీ ఉలకలేదు, పలకలేదు.

“సభ నడుమ ఎవరైనా లేచి అడిగితే ఆ పేరూ ఇలాగే మూగపోతుంది కదా, విరూపాక్షా?”

“ముందుగా చెప్పి రమ్మను. పిలవని పేరంటానికి వచ్చి పీట వేయలేదని అలిగితే నేనేం చేసేది?”

చాప మీద కూర్చున్న పురుషోత్తమావధానిగారు తల ఎత్తారు. “అన్ని బటన్లకూ ఒకే కోడ్‌ను మళ్ళీ మళ్ళీ రాసినట్లున్నావు, నాయనా.”

“ప్రతి పృచ్ఛకునికీ ఒక చెవిని కేటాయించాను, గురువుగారూ. ఇంతకు మించిన మర్యాద ఏముంది? తమరు ఆజ్ఞాపించినా మార్చను. మార్చితీరాలంటే రేపు అవధాన పీఠం మీద వేరొకరిని కూర్చోబెట్టండి.”

అరుంధతి నిశ్చేష్టురాలైంది. ఆ గురుకులంలో అంత మాట అన్నవారు లేరు.

గురువుగారు కోపగించలేదు. “సాధనకు వేళయింది. కూర్చో” అన్నారు.

విద్యార్థులు పృచ్ఛకులై అతని చుట్టూ అర్ధచంద్రాకారంగా కూర్చున్నారు. ఒకరు సమస్య ఇచ్చారు. ఒకరు అడుగడుగునా అక్షరాన్ని నిషేధించారు. అరుంధతి వర్ణన కోరింది. నడుమ నడుమ గంట మోగుతోంది. ఆ లెక్క కూడా అతడే మనసులో నిలుపుకోవాలి. విరూపాక్షుడు కన్నులు అరమోడ్చి, సమస్యకు మూడవ పాదం ఎత్తుకున్నాడు.

గురువుగారు చప్పుడు కాకుండా లేచారు. ఉత్తరీయాన్ని తల మీదుగా కప్పుకొని, వెనుకనున్న స్తంభం చాటున చతికిలబడ్డారు. గొంతు మార్చి కేక వేశారు.

“ఏమండీ అవధానిగారూ! మా పిల్లికి ఛందస్సు నేర్పాలి. ఏ పద్యంతో మొదలుపెట్టమంటారు?”

“ముందు పాలు పోయండి స్వామీ! పోసే చేతిని చూసి నడక అదే ఎంచుకుంటుంది” అన్నాడు విరూపాక్షుడు, తల అయినా తిప్పకుండా. నవ్వులు మిన్నంటాయి. అవి అణగకముందే అతడు మూడవ పాదం ముగించాడు.

గురువుగారు ఉత్తరీయం తొలగించి ముందుకు వచ్చారు.

“స్తంభం వెనుక ఒకడుంటాడని నీకెవరైనా చెప్పారా?”

“లేదు.”

“మరి వానికి ఏ చెవిని కేటాయించావు?”

 

విరూపాక్షుడు లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బటన్‌కొకటిగా తాను పేర్చుకున్న కోడ్‌నంతా చెరిపివేశాడు. ఆ పేర్లన్నింటినీ తనలో ఇముడ్చుకున్న పెద్ద చట్రానికి ఒకే ఒక కోడ్ రాశాడు. నొక్కు ఏ పేరు మీద తగిలినా ఆ చట్రానికే చేరుతుంది. నొక్కబడినది ఎవరి పేరో ఆ కోడే చూసుకుంటుంది.

అరుంధతి వచ్చి, అడగకుండానే, వరుస చివర “పిల్లిగారు” అని ఒక పేరు చేర్చి నొక్కింది.

తెరుచుకుంది.

విరూపాక్షుడు గురువుగారికి ఎదురుగా నిలిచాడు. తల ఇంకా వంచలేదు.

“కోడ్ మారింది. నేనన్న మాట అలాగే ఉంది, గురువుగారూ. రేపు ఆ పీఠం మీద ఎవరిని కూర్చోబెడతారు?”

గురువుగారు ఉత్తరీయాన్ని మడిచి భుజాన వేసుకున్నారు.

“వినేవాణ్ణి” అన్నారు.