తూనీగ తోక ముంచిన నీళ్ళు

ఒకప్పుడు తూనీగకు నీళ్ళతో పనే లేదు. గడ్డిపరకల మీద గుడ్లు పెట్టేది, పొద్దంతా గాల్లో తిరిగేది. పని లేదు గానీ ప్రశ్నలు మాత్రం బోలెడు. చీమ కనిపిస్తే "ఎక్కడికి?" అనేది. ఆకు రాలితే "ఎందుకు?" అనేది. అది వస్తోందంటే చాలు, అందరూ మొహం తిప్పేసుకునేవారు.

ఆ తూనీగ ఒక గెడ్డ పక్కన ఉండేది. కొండమీద పుట్టి, రాళ్ళ మధ్య గలగలమంటూ దిగి, చెరువులో కలిసే చిన్న ఏరు అది.

ఒకరోజు గెడ్డ ఒడ్డున కప్ప గుండెలు బాదుకుంటోంది. "ఓలమ్మో, నా పిల్లలు!"

దాని తోకకప్పలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్ళు నల్లబడి కుళ్ళు కంపు కొడుతున్నాయి. పాపం, కప్ప కడుపులో ఇంకా గుడ్లున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలి?

"ఈ పీతే! బురదంతా తవ్వేసినాది," అంది కప్ప.

"నానేటి సేసినాను? నాకు పైన గేదె పొర్లుతోంది కదా, దాన్నడుగు," అంది పీత.

"నా కాడికి వచ్చీసరికే కంపు! పైనుంచి వస్తంది," అంది గేదె.

తప్పు తమది కాదని తేలింది కదా, ఇక అందరూ ఇళ్ళకు బయల్దేరారు.

"పైనంటే ఎక్కడ?" అంది తూనీగ.

"పైనంటే పైనే!" కసిరింది గేదె.

అదీ ఒక జవాబేనా? తూనీగ గెడ్డ వెంట ఎగువకు ఎగిరింది. మొదటి మలుపులో నీళ్ళు నోట పెట్టుకుంటే నోరంతా చేదెక్కింది. అందుకని తర్వాతి మలుపులో తోక కొస మాత్రం ముంచింది. చుర్రుమంది! ఇంకా పైన ముంచింది. ఇంకా చుర్రుమంది. అలా ముంచుతూ, మండుతూ పోయింది.

ఒకచోట నీళ్ళలో గోగు కట్టలు కనిపించాయి. తాళ్ళతో కట్టి, పైన రాళ్ళు పెట్టి నానేశారు. కట్టలకు దిగువన తోక ముంచితే మంట పుట్టింది. ఎగువన ముంచితే హాయిగా, చల్లగా ఉంది.

"దొరికింది!" అని గిరగిరా తిరిగింది తూనీగ.

"ఏటే, నా కట్టల చుట్టూ ఏటి తిరుగుడు?" అంది ఒడ్డున నార ఒలుస్తున్న గవరమ్మ.

"ఇవి ఎందుకు నానేసినారు మామ్మా?"

"కుళ్ళితేనే కదే నార ఊడొస్తాది. తాళ్ళు పేనుకుంటాం."

"ఆ కుళ్ళంతా ఎక్కడికెళ్తాది?"

"పారే నీరే కదా. కొట్టుకుపోతాది."

"కొట్టుకుపోయి?"

గవరమ్మ ఒలుస్తున్న నార పక్కన పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె బిందె ముంచుకునేది కట్టలకు ఎగువన. దిగువకు వెళ్ళి చూసే పని ఎప్పుడూ పడలేదు.

"పద, సూపించు," అని చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

దిగువన ఒక తోకకప్పను అరచేతిలోకి తీసుకుంది. అది కదల్లేదు. గవరమ్మ కళ్ళు చెమర్చాయి. తిరిగి వెళ్ళి ఊరంతా వినేలా కేకేసింది. "ఇయ్యాల్నుంచి గెడ్డలో ఒక్క కట్ట ఉండకూడదు! దూరంగా గుంత తవ్వుకుందాం."

"నడుములు పడిపోతాయి మామ్మా," అని గొణిగారు నార తీసేవాళ్ళు.

"నడుం నొప్పి నాలుగు రోజుల్లో పోతాది. పోయిన పిల్లలు తిరిగొస్తాయేటి?"

పలుగులు లేచాయి. పీత వచ్చి కట్టల తాళ్ళు కొరికింది. గేదె కట్టలను ఒడ్డుకు లాగింది. గెడ్డకు దూరంగా, నీరు తిరిగి గెడ్డలోకి జారని చోట, పెద్ద గుంత తయారైంది. ఆ తర్వాత వానలు కురిసి గెడ్డను కడిగాయి.

తూనీగ మలుపు మలుపునా తోక ముంచి చూసింది. ఎక్కడా మంట లేదు.

"నీళ్ళు బాగున్నాయి. గుడ్లు పెట్టుకో," అంది కప్పతో.

కప్ప కదల్లేదు. "నీకేటి, ఎన్నైనా సెప్తావు. నీ పిల్లలు గడ్డిమీద సల్లగా ఉన్నాయి. నీటిలో పోయినవి నా పిల్లలు."

తూనీగకు మొదటిసారి అడగడానికి ప్రశ్న దొరకలేదు. మెల్లగా దిగి, తోక నీళ్ళలో ముంచి, తన గుడ్లను అక్కడే వదిలింది.

"ముందు నా పిల్లలు," అంది.

గుడ్లు పగిలాయి. బుల్లి పిల్లలు రాళ్ళ కింద చురుగ్గా పాకాయి. అప్పుడు కప్ప నీళ్ళలోకి దూకింది.

అప్పటినుంచే తూనీగ నీళ్ళు కనబడితే ఊరుకోదు. తోక ముంచుతుంది, లేస్తుంది, మళ్ళీ ముంచుతుంది. బాగున్నాయని తోచినచోటే గుడ్లు పెడుతుంది. ఒడ్డున కప్ప కళ్ళప్పగించి అటే చూస్తుంటుంది. తూనీగను తినడానికే కాచుక్కూర్చుందని అంటారు కొందరు. అదేం కాదు. తన పిల్లల్ని ఎక్కడ వదలాలో చూసుకుంటోంది.