వెన్నుబండమ్మకు అభిషేకం ఎందుకు లేదు

వెన్నుబండ గుట్ట దగ్గర బస్సు దిగిన భక్తులకు ముందుగా కనిపించేవి ఆముదం అమ్మే అంగళ్లు. కొందరు తెలియక ఇంటి నుంచి పాలు, పసుపునీళ్లు తెచ్చుకుంటారు. వాటిని గడప బయటే ఉంచాలి. ఈ అమ్మవారికి అభిషేకం లేదు. గర్భగుడిలోకి చుక్క నీరు తీసుకుపోరు. వానలో తడిసి వచ్చినవారు సైతం ఒళ్లు తుడుచుకునే లోపలికి వెళ్తారు.

అమ్మవారి శిల కూర్చున్న మనిషంత ఉంటుంది. వెనుక పెద్ద బండ. కాళ్లు ఎడంగా చాచి, చేతులు ముందుకు వంచి, ఎవరినో వెనుకనుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ చేతుల మధ్య ఎవరూ లేరు. ఏడో నెల దాటిన గర్భిణులు ఆ ఖాళీలో కూర్చుని అమ్మవారికి వెన్ను ఆనిస్తారు. భర్త పక్కనే ఉండి శిల భుజాల మీద ఆముదం పోస్తాడు.

పూర్వం ఈ గుట్ట కింద చిన్న పల్లె ఒకటి ఉండేది. అక్కడ తిప్పక్క అనే చాకలి స్త్రీ అన్ని ఇళ్ల పురుళ్లకూ తోడు. నెలలు నిండే కాలంలో కాళ్లకు ఆముదం రాసేది. నొప్పుల వేళ వెనుక కూర్చుని, చంకల కింద చేతులు వేసి, తల్లి బరువంతా తన రొమ్ముకు ఆనించుకునేది. బిడ్డ పుట్టాక కాయం మందు ముద్ద తినిపించి, నడికట్టు కట్టి, పురుడు తీరేదాకా బాలింత పక్కనే పడుకునేది. పల్లెకు వేరే మంత్రసాని లేదు.

తిప్పక్కకు తల్లి నేర్పిన నియమం ఒకటుంది. ఒక పురిటి మైలతో మరో పురిటి గడప తొక్కితే ఆ తల్లికి ప్రాణగండం. తలస్నానం చేశాకే రెండో ఇంటికి వెళ్లాలి. ఈ నియమం ఆమె జీవితంలో ఎన్నడూ తప్పలేదు. పల్లెలోని ఆడవాళ్లందరికీ ఆమే నేర్పింది.

గొల్ల బీరప్ప భార్య మారెక్క. రెండు కాన్పులు పోయాయి. మూడోసారి కడుపు నిలిచాక ఆమె ధైర్యమంతా తిప్పక్కే.

“నీయి చేతులా, పలుపుతాళ్లా అక్కా? పక్కటెముకలు ఇరుగుతాయి” అని నవ్వేది.

“ఇడిసిపెడితే అప్పుడూ తిట్టేది నువ్వే గదమ్మే.”

“ఇడిసిపెడితే తిట్టను. చచ్చిపోతా” అంది మారెక్క, నవ్వు ఆపకుండానే. విడవనని తిప్పక్క ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

ఆ ఏడు వానలు లేవు. బావి ఎండింది. వాగు ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే పల్లెకు ఆధారం. గొల్ల ఆడవాళ్లు మందలతో మేత వెతుక్కుంటూ గుట్ట అవతలికి వెళ్లారు. అటువంటి రోజున పెద్దకాపు కోడలికి తెల్లవారుతూనే కాన్పయింది. పల్లెలో మిగిలిన ఆడవాళ్లంతా ఆ పురిటికి వెళ్లి మైలపడ్డారు. ఇంట్లో ఉన్న నీళ్లు తల్లీబిడ్డల స్నానానికే సరిపోయాయి. తిప్పక్క ఆ గడప దాటేలోగా బీరప్ప వచ్చి, మారెక్కకు నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు.

తిప్పక్క కడవ తీసుకుని చెలమకు పరుగెత్తింది. నీరు అడుగున చెమ్మగా ఊరుతోంది. కొబ్బరిచిప్ప నిండేదాకా ఆగి, కడవలో పోసి, మళ్లీ ఆగాలి. మారెక్క గుడిసె గుట్ట బండకు ఆనించి కట్టి ఉంది. ఆమె కేక వాగుదాకా వినిపిస్తోంది.

బీరప్ప మళ్లీ వచ్చాడు. “అక్కా, నిన్నే పిలుస్తాంది.”

“నీళ్లు పోసుకోని వస్తానప్పా. ఈ మైలతో వస్తే ఆయమ్మికే చేటు.”

“ఎంతసేపు?”

తిప్పక్క చెలమ వైపు చూపించింది. అతడు తిరిగి వెళ్లి గుడిసె బయట కూర్చున్నాడు. మగవాడు పురిటింట్లోకి పోకూడదు. కేకలు వినిపించినంతసేపూ తిప్పక్క నీరు తోడింది. కేకలు ఆగినప్పుడు కడవలో సగం నీళ్లున్నాయి. నిద్రపట్టిందేమో అనుకున్నాడు బీరప్ప.

తిప్పక్క ఆ సగం కడవా నెత్తిన పోసుకుని, తడి జుట్టుతో వచ్చింది. వెనుక పట్టుకునే మనిషి లేక మారెక్క బండకు ఆనుకుని కూర్చుంది. అలాగే పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

తిప్పక్క ఏడవలేదని చెబుతారు. బండకూ శవానికీ మధ్య కూర్చుని, చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. పొద్దు వాలే వేళ బలవంతంగా ఆ చేతులు విడదీసి మారెక్కను తీసుకుపోయారు. తిప్పక్క లేవలేదు. అంత్యక్రియలు ముగించి వచ్చేసరికి ఆమె ఉన్నచోట శిల ఉంది. చేతులు అలాగే ఉన్నాయి.

బీరప్ప ఆ శిలకు స్నానం చేయించబోయాడు. తిప్పక్క కలలో కనిపించి వారించింది. “నీళ్లు పోయొద్దప్పా. నీళ్ల కోసం ఆగి ఆయమ్మిని పోగొట్టినా. నన్ను వరమూ అడగొద్దు, నా దగ్గర లేదు. ఏ తల్లినీ ఒక్కతినే వదలకుండా చూస్తే చాలు.” అతడు బతికినన్నాళ్లూ ఆముదమే పోశాడు.

ఇప్పటికీ ఈ గుడిలో పురిటి మైల లేదు. బాలింతలు తలస్నానం కాకముందే రావచ్చు. పూజారులు తిప్పక్క కూతురి వంశంలోని ఆడవారు. నొప్పుల కబురు అందితే హారతి మధ్యలోనే పళ్లెం దించి వెళ్తారు. ఆసుపత్రి అయినా, ఇల్లయినా, లోనికి రానిచ్చినంతవరకు వెంట ఉంటారు.

ఇక్కడ మొక్కుకున్న వారందరికీ సుఖప్రసవం అయిందని ఈ పుస్తకం చెప్పదు. కాలేదు. మొన్నటి వానల్లో వాగు పొంగి, ఆసుపత్రికి పోయే ఆటో ఒడ్డున నిలిచిపోయి, ఓబులేసు అనే యువకుడి భార్య అందులోనే మరణించింది. ఇప్పటి పూజారి సుంకులమ్మ చివరిదాకా ఆమెను ఒళ్లో పట్టుకుంది. నెల తిరగ్గానే ఓబులేసు ఆముదం సీసాతో వచ్చాడు. మొక్కు ఫలించలేదు గదా నాయనా, ఎందుకని సుంకులమ్మ అడిగింది.

“మా యమ్మి ఒక్కతే పోలేదు గదమ్మా” అన్నాడు. సీసా అంతా పోసి వెళ్లిపోయాడు.

భక్తులు వచ్చేసరికి గుడిలో పూజారి లేకపోతే, ఎక్కడో ఒక తల్లి వెనుక ఉన్నారని గ్రహించగలరు. తలుపు తీసే ఉంటుంది. లోపలికి వచ్చి అమ్మవారికి వెన్ను ఆనించి కూర్చోవచ్చు. స్నానం చేసి రానక్కరలేదు.